బందెలదొడ్డిలో హంస

2006 ఆగస్టులో నన్ను గుంటూరు ఆఫీసు నుంచి సిద్ధులరేవు యూనిట్‌కు మేనేజరుగా బదిలీ చేశారు. పర్యాటక రంగంలో పనిచేసే సంస్థ మాది. పేరు చెప్పను. చెబితే పాఠకులకు ఒరిగేదేమీ లేదు, నాకు మాత్రం ఇప్పటికీ మెడికల్ బిల్లులు అక్కడి నుంచే రావాలి. ఊరి పేరు కూడా మార్చాను. కృష్ణ కుడి ఒడ్డున, సత్తెనపల్లి దాటాక వచ్చే ఒక పాత ఊరు అనుకోండి. మొదట్లో బౌద్ధుల కాలపు దిబ్బ ఒకటి ఉంటుంది. మధ్యలో కోటగుమ్మం ఉంటుంది, కోట ఉండదు. చివర ఏటి ఒడ్డున శివాలయం. మూడు వైపులా నల్లరేగడి, పత్తి, మిరప. నాలుగో వైపు నది.

యూనిట్ అంటే మా భాషలో టికెట్టు అమ్మే చోటు. సిద్ధులరేవులో ఒక టికెట్టు గది, ఒక మోటారు లాంచీ, రెండు హంసలు, ముగ్గురు సిబ్బంది ఉండేవారు. హంస అంటే ఫైబరుతో చేసిన తొక్కుడు బోటు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని సైకిలు తొక్కినట్టు తొక్కితే ముందుకు పోతుంది. మెడ నిలువెత్తు ఉంటుంది. ముక్కుకు నారింజ రంగు, కళ్లకు పెళ్లికూతురికి పెట్టినంత కాటుక. సిబ్బందిలో పెద్దవాడు ఏసోబు. లాంచీ నడిపే అతణ్ణి సరంగు అంటారు. మిగతా ఇద్దరిలో ఒకరు టికెట్లు చింపేవారు, ఒకరు లైఫ్ జాకెట్లు తొడిగేవారు. నేను అంతకుముందు ఉద్యోగమంతా అకౌంట్స్ విభాగంలో చేశాను. నాకు ఈత రాదు. బోటింగ్ యూనిట్‌కు వేసేటప్పుడు ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కార్తీకమాసం కోసం పైవాళ్లు 'నది, చరిత్ర, వన్యప్రాణి' అని ఒక ప్యాకేజీ తయారుచేశారు. పొద్దున బౌద్ధ దిబ్బ, మధ్యాహ్నం ఉసిరిచెట్ల కింద వనభోజనం, సాయంత్రం లాంచీలో ఏటి మధ్య లంక చుట్టూ తిప్పి గూడబాతుల్నీ నీటికుక్కల్నీ చూపించడం. నీటికుక్క ఏట్లో చేపలు పట్టుకు తినే జంతువు, చూడటానికి ముంగిసకు పెద్దన్నలా ఉంటుంది. కరపత్రం మీద దాని బొమ్మ అచ్చువేశారు. అది ఎక్కడి నీటికుక్కో గాని మాది మాత్రం కాదు. లాంచీ వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంజను మోతకు లాంచీ ఎక్కినవాడెవడికీ నీటికుక్క కనపడలేదని ఏసోబు మొదటిరోజే చెప్పాడు. మరి టికెట్టు కొన్నవాళ్లకు ఏం చూపిస్తావని అడిగాను. 'మునిగింది, ఇప్పుడే మునిగింది' అని చూపిస్తానన్నాడు.

ప్రారంభోత్సవం కార్తీకం మొదటి ఆదివారం అని నిర్ణయించారు. హైదరాబాదు నుంచి జనరల్ మేనేజరు గారు సతీసమేతంగా వచ్చి, ఇద్దరూ హంస తొక్కుకుంటూ పోయి, నీళ్ల మధ్య కట్టిన రిబ్బను కత్తిరించాలి. ఇది మా డివిజనల్ మేనేజరు గారి ఆలోచన. మేము ఆయన్ని డి.ఎం. గారు అనేవాళ్లం. రెండు హంసల్లో ఒకదానికి పెడల్ విరిగి ఉంది. విడిభాగం కావాలని పైకి రాశాం. అది వచ్చేలోగా రెండోది కూడా విరుగుతుందేమో చూసి, రెంటికీ కలిపి ఒకేసారి రాయమని జవాబొచ్చింది. అంటే ఆదివారానికి నీళ్లలో తేలవలసిన హంస ఒకటే.

ప్రారంభానికి వారం ముందు పై డ్యాము గేట్లు ఎత్తారు. సాయంత్రం కబురు రాగానే లాంచీని గట్టిగా బిగించాం, హంసలకు లంగర్లు వేశాం. తెల్లవారి చూస్తే ఏరు తగ్గిపోయింది, లాంచీ ఉంది, పెడల్ విరిగిన హంస ఉంది. బాగున్న హంస లేదు. మునిగిందేమో అనుకున్నాం. ఏసోబు ఒడ్డంట నడిచి వెళ్లి గంటకు తిరిగొచ్చాడు. మొహంలో నవ్వు దాచుకోవడానికి తంటాలు పడుతున్నాడు.

"హంస దొరికింది సార్. బందెలదొడ్డిలో ఉంది."

బందెలదొడ్డి తెలియని పట్నం పాఠకులకు ఒక మాట. ఎవరి గొడ్డయినా తాడు తెంపుకుని పరాయి చేలో పడి పంట పాడుచేస్తే, ఆ చేను గలవాళ్లు దాన్ని కొట్టరు, తిట్టరు. తోలుకొచ్చి పంచాయతీ వారి దొడ్డిలో కట్టిస్తారు. గొడ్డుగలాయన వచ్చి, పెద్దల ముందు ఇది నాదని ఒప్పుకుని, చేనుగలవాళ్లకు నష్టం తీర్చి విడిపించుకుపోవాలి. వచ్చే సంతలోగా ఎవరూ రాకపోతే ఆ సంతలోనే వేలం వేస్తారు. చాలా ఊళ్లలో ఈ దొడ్లు అప్పటికే కూలిపోయి ముళ్లకంపలు మొలిచాయి. సిద్ధులరేవులో మాత్రం పిచ్చయ్య అనే పెద్దాయన దాన్ని కోర్టంత నిష్ఠగా నడిపేవాడు.

వెళ్లి చూశాను. ఒక గేదెకూ రెండు మేకలకూ మధ్యన మా హంస నిలబడి ఉంది. మెడకు పలుపు వేసి గుంజకు కట్టారు. ముందు తొట్టిలో నీళ్లు, పక్కన ఒక మోపు జొన్నచొప్ప. దొడ్డికొచ్చిన దేనికైనా మేత, నీరు పెట్టాలన్నది పిచ్చయ్య పాటించే నియమం. హంస ముట్టని చొప్పను గేదె మెడ చాచి తింటోంది. ఒక మేక సీట్లో పడుకుని నెమరేస్తోంది.

ఇదేమిటని పిచ్చయ్యనడిగితే, ఆదెమ్మ చేలో పడిందని చెప్పి, కావాలంటే చేను చూసి రమ్మన్నాడు.

ఆదెమ్మది ఏటి ఒడ్డున కౌలు చేను, ఎకరం. భర్త లేడు, తనే సాగు చేసుకుంటోంది. ఆ ఏడు వానలు వెనకబడి, మిరప నాట్లు దసరా దాటాక పడ్డాయి. రాత్రి ఏరు పొంగి చేలోకి మోకాలి లోతు వచ్చి, తెల్లారేసరికి తీసేసింది. నీళ్లకు మొక్కలు చావలేదు. కొట్టుకొచ్చిన హంస లంగరు చేను మధ్యలో దిగబడింది. గాలి ఎటు తిప్పితే అటు హంస ఆ లంగరు చుట్టూ, కళ్లంలో నూర్పిడికి ఎద్దు తిరిగినట్టు, రాత్రంతా తిరిగింది. లంగరు గొలుసు కింద పడ్డ మొక్క ఒక్కటీ మిగల్లేదు. చేను నట్టనడుమ పెద్ద పళ్లెంలా గుండ్రంగా, నున్నగా ఉంది.

ఆదెమ్మ గట్టు మీద నిలబడి ఉంది. ఏడవడం లేదు, కోపంగా ఉంది.

"చూశావా అయ్యా, ఎట్టా తిరిగిందో! కట్టేసిన గొడ్డు తిరిగినట్టే తిరిగింది. అందుకే పత్తికి పోయే పదిమందిని ఆపి దొడ్డికి మోయించా. నారుమడిలో ఇంకా నారుంది. ఈ వారంలో మళ్లీ నాటితే బతుకుద్ది, దాటిందా, ముదిరిపోద్ది. నాటేదానికి మనుషులేరి? కూలోళ్లంతా పత్తితీతకు పోయారు. చేను సగం పోయిందని కౌలు సగం తీసుకుంటాడా ఆసామి? ఇది ఎవురిదో వాళ్లే మనుషుల్ని తీసుకొచ్చి నాటాల. గొడ్డుదైనా అంతే, బాతుదైనా అంతే."

అది హంస అని చెప్పబోయి ఆగిపోయాను. అప్పటికి ఆ సవరణ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఆమె అడిగింది డబ్బు కాదు, మనుషులు. నా దగ్గర ముగ్గురు మనుషులు పనిలేకుండా కూర్చుని ఉన్నారు. అకౌంట్స్‌లో పెరిగినవాడికి ఇంత తేలికైన లెక్క ఎప్పుడూ దొరకదు. అయినా పైవాళ్లతో ఒకమాట చెప్పడం పద్ధతి కదా అని డి.ఎం. గారికి ఫోను చేశాను. అక్కణ్ణుంచి నా తలప్రాణం తోకకొచ్చింది.

డి.ఎం. గారు రెండు ఆదేశాలిచ్చారు. మొదటిది, హంస మనదని ఎవరి ముందూ ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే పంట నష్టం మన మీద పడుతుంది, పంట నష్టానికి మనకు బడ్జెటులో పద్దు లేదు, రేపు ఏరు పొంగినప్పుడల్లా ఒడ్డునున్న రైతులంతా వస్తారు. రెండోది, ఆదివారం పొద్దున హంస నీళ్లలో ఉండాలి. మనది కాని హంసను ఎలా తీసుకురమ్మంటారని అడిగాను. అందుకే కదా మేనేజరుగా వేశాం అన్నారు.

పోలీసుస్టేషన్‌కు వెళ్లాను. ఎస్.ఐ. గారు కుర్రవాడు, ఓపిగ్గా విన్నాడు. దొంగతనమంటే దాచాలి సార్, వీళ్లు ఊరి మధ్యలో కట్టేసి మేత కూడా వేస్తున్నారు, అన్నాడు. పైగా ఫిర్యాదు రాయాలంటే వస్తువు మీదని రాయాలి కదా, రాస్తారా అని అడిగాడు. లేచి వచ్చేశాను.

మర్నాడు డి.ఎం. గారే ఒక ఉపాయం చెప్పారు. శనివారం సంతలో ఎలాగూ వేలం వేస్తారు, ఎవరిదీ కాని వస్తువుగా వేలంలో పాడి కొనేయమన్నారు. అరగంట తర్వాత మళ్లీ ఫోను చేశారు. కొనుగోలు అన్నాక నియమం ప్రకారం మూడు కొటేషన్లు ఉండాలట. కాబట్టి చుట్టుపక్కల మరో రెండు బందెలదొడ్లలో హంస ధర కనుక్కుని పంపమన్నారు. ఆయన హాస్యమాడటం లేదు. ఆయన సర్వీసులో ఎప్పుడూ హాస్యమాడలేదు. ఈలోగా బస్టాండు దగ్గర టీకొట్టాయన హంసను వేలంలో తనే పాడతాననీ, కొట్టు ముందు పెడితే పిల్లలెక్కి కూర్చుంటారనీ ఊరంతా చెప్పుకుంటున్నాడు.

ఆ గురువారం సాయంత్రం ఏసోబు నా గదికి వచ్చి నిలబడ్డాడు. ఆదెమ్మ ఒక్కతే తెల్లారగట్ట నుంచి నాటుకుంటోందని, వంగిన నడుము ఎత్తడం లేదని, ఆ పళ్లెంలో ఒక అంచు కూడా పూర్తి కాలేదని చెప్పాడు. నాకు సిగ్గేసింది, దాంతోపాటు డి.ఎం. గారి మీద ఒళ్లు మండింది. పద్దు లేదన్న మాటకు ముగ్గురు మనుషులు టికెట్టు గదిలో పులిజూదం ఆడుకుంటూ కూర్చోవడమేమిటి? శుక్రవారం పొద్దున్నే పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను.

అరుగు మీద పెద్దలు నలుగురున్నారు. పిచ్చయ్య పక్కనే ఉన్న దొడ్డి తలుపు తీశాడు. ఈ హంస మా సంస్థది అన్నాను.

"సంస్థ అంటే ఎవురండీ? ఆయన్ని రమ్మనండి," అన్నాడు పిచ్చయ్య.

సంస్థ అంటే మనిషి కాదు, ప్రభుత్వానిది అన్నాను.

"అయితే ప్రభుత్వమే వచ్చి మెడ మీద చెయ్యేసి చెప్పాల గదా బాబుగారూ. గొడ్డును విడిపించుకునే పద్ధతి అదీ. ఊరికే ఎవురో ఒకరిదంటే ఎట్టా వదిలిపెట్టేది? రేపు అసలాయన వచ్చి అడిగితే?"

వాదించి లాభం లేదు. ఆయనలో వెటకారం రవ్వంత కూడా లేదు. నేను దొడ్డిలోకి వెళ్లి, మేకను దింపి, హంస మెడ మీద చెయ్యి వేసి, "ఇది నాది" అన్నాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో సంస్థకు చెందిన ఏ వస్తువునైనా నేను అలా అనడం అదే మొదటిసారి.

"పేరు పెట్టి పిలవండి," అన్నాడు పిచ్చయ్య. గొడ్డు తనను మేపేవాడి గొంతు గుర్తుపడుతుందనీ, దొంగల్ని అలాగే పట్టుకుంటామనీ చెప్పాడు. దానికి పేరు లేదన్నాను. అలా కుదరదన్నాడు. నలుగురు పెద్దలూ నా వంకే చూస్తున్నారు. చివరికి మా స్టాకు రిజిస్టరులో దాని పేరేదో అదే పెట్టి, "పెడల్ బోట్ నంబర్ టూ!" అని పిలిచాను. హంస కదల్లేదు. పక్కనున్న గేదె మాత్రం తల తిప్పి చూసింది. "కొత్త చోటు గదా, బెదిరింది," అన్నాడొక పెద్దాయన జాలిగా. పిచ్చయ్య ఈసారికి వదిలేస్తున్నానన్నాడు.

ఆ తర్వాత నష్టం సంగతి. మనుషుల్ని తీసుకొచ్చి చచ్చిన చోటల్లా నాటిస్తానని మాటిచ్చాను. కబురందుకుని వచ్చిన ఆదెమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు గూడా రావాల. దున్నపోతును వదిలేసి దూడల్ని పంపితే ఒప్పుకోను," అంది. సరేనన్నాను.

శనివారం తెల్లవారగానే నలుగురం చేలో దిగాం. ఆదెమ్మ నారు పీకి ఇస్తుంటే, సాలులో మూడు వేళ్లతో గుంట తీసి, మొక్క నిలబెట్టి, చుట్టూ మట్టి అదమాలి. గట్టిగా అదిమితే వేరు నలుగుతుంది, వదులుగా వదిలితే వాలిపోతుంది. గంటలో నా నడుము నాది కాకుండా పోయింది. నేను నాటిన సాలు చూసి ఆదెమ్మ, "ఇదేంది, పాము పాకినట్టుంది!" అని మళ్లీ పీకించింది. ఏసోబు అటు తిరిగి నవ్వుకుంటున్నాడు.

పదింటికి గట్టు మీద ఒక తెల్లకారు ఆగింది. జనరల్ మేనేజరు గారు ఒకరోజు ముందే వచ్చేశారు. వెనక డి.ఎం. గారు, మొహంలో నెత్తుటి చుక్క లేదు. యూనిట్ సిబ్బంది మొత్తం ప్యాంట్లు మోకాళ్ల పైకి మడిచి మిరపచేలో ఉన్నారు. టికెట్టు గదికి తాళం. ఏమిటిదంతా అని జి.ఎం. గారు అడిగారు. నిజం చెబుదామని నేను నిలబడేలోపే డి.ఎం. గారు అందుకుని, "గ్రామీణ పర్యాటకం సార్! మా కొత్త కార్యక్రమం! ట్రయల్ చూస్తున్నాం!" అన్నారు.

జి.ఎం. గారు బూట్లు విప్పి చేలో దిగారు. ఆయనది వ్యవసాయ కుటుంబమే, చదువులో పడి మట్టికి దూరమయ్యారట. ఒక సాలంతా నాటారు. ఆదెమ్మ ఆయన్నేమీ అనలేదు. సాలు తిన్నగా ఉంది. అంతలో గట్టు దిగువ ఏట్లో చప్పుడైంది. చూస్తే మూడు నీటికుక్కలు వరసగా బండ మీదికెక్కి, ఒక చేపను పంచుకుంటూ పోట్లాడుకుంటున్నాయి. లాంచీ కట్టేసి ఉంది కాబట్టి ఏరు నిశ్శబ్దంగా ఉంది. జి.ఎం. గారు మిరపమొక్క చేతిలో పట్టుకుని చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూశారు. నేనూ అదే మొదటిసారి చూడటం. ఆదెమ్మ ఒక మట్టిగడ్డ తీసి వాటి మీదికి విసిరి, "దొంగ ముండలు, వలలన్నీ కొరికేస్తన్నయ్," అంది.

సాయంత్రానికి ఆ పళ్లెమంతా నిండింది. ఆదివారం హంస నీళ్లలో దిగింది. జి.ఎం. గారూ వారి శ్రీమతీ తొక్కారు, రిబ్బను తెగింది. సీట్లో మేక పెంటికలు ఒకటి రెండు మిగిలిపోయాయి గాని ఆమె మర్యాదస్తురాలు, ఏమీ అనలేదు.

మరుసటి వారం సర్క్యులర్ వచ్చింది. ప్రతి శని, ఆదివారాల్లో పర్యాటకులచేత మిరప నాటించవలెను అని. అదను దాటాక మిరప నాట్లేమిటని రాశాను. ట్రయల్ విజయవంతమైనట్టు నివేదిక ఉందని జవాబొచ్చింది. నాటడానికి చేను లేదు, ఆదెమ్మ రానివ్వదు. కాబట్టి రేవు పక్కన ఇసుకలో సాళ్లు తీసి, ముదిరి పారేయబోయే నారు తెచ్చి, వనభోజనానికి వచ్చిన జనంచేత అందులో నాటించేవాళ్లం. సోమవారానికి అన్నీ చచ్చేవి. అందువల్ల శనివారానికి మళ్లీ ఖాళీ దొరికేది. పర్యాటకులు చాలా సంతోషించేవారు. హంసకంటే దానికే టికెట్లు ఎక్కువ తెగేవి.

కార్తీకం చివర్లో విజయవాడ నుంచి బ్యాంకు ఉద్యోగుల బృందం ఒకటి వచ్చింది. ఇసుకలో నాటాక ఫొటోలకు పచ్చదనం చాలలేదట. పక్కనున్న ఆదెమ్మ చేలోకి దిగి రెండు సాళ్లు తొక్కారు. మధ్యాహ్నం పిచ్చయ్య దగ్గర్నుంచి కబురు.

"బాబుగారూ, మీయి మళ్లీ వచ్చినయ్."

వెళ్లాను. ఆదెమ్మ చింతబరికె పట్టుకుని దొడ్డి వాకిట్లో నిలబడి ఉంది. లోపల ఏడెనిమిదిమంది ఆఫీసర్లు, టోపీలు పెట్టుకుని, గేదె పక్కన నిలబడి ఒకరినొకరు ఫొటోలు తీసుకుంటున్నారు. ఆమె బరికెతో అదిలించుకొస్తుంటే అది కూడా ప్యాకేజీలో భాగమేననుకుని నవ్వుకుంటూ నడిచొచ్చారట. పిచ్చయ్య అందరికీ తొట్టిలో మంచినీళ్లు పోసి ఉంచాడు.

అలవాటు ప్రకారం డి.ఎం. గారికి ఫోను చేశాను. వాళ్లు మనవాళ్లని మాత్రం ఒప్పుకోవద్దన్నారు. ఫోను జేబులో పెట్టుకుని, లోపలికి వెళ్లి, ముందు నిలబడ్డ బ్రాంచి మేనేజరు గారి భుజం మీద చెయ్యి వేసి, వీళ్లు నావాళ్లే అన్నాను. పేరు పెట్టి పిలవమని పిచ్చయ్య ఈసారి అడగలేదు. నారు అప్పటికే ముదిరిపోయింది కాబట్టి, ఆ సాయంత్రం దాకా వాళ్లచేత ఆదెమ్మ చేను కలుపు తీయించింది. సందర్శకుల పుస్తకంలో అందరూ చాలా బాగుందని రాశారు.

ఫిబ్రవరిలో చుట్టూ చేనంతా ఎర్రబడి మొదటి కోతకొచ్చినప్పుడు, నడిమధ్యన మేం నాటిన మేర గుండ్రంగా పచ్చగా నిలిచిపోయింది. లాంచీ పైకప్పెక్కితే స్పష్టంగా కనపడేది. రెండో కోతకు అదీ కలిసిపోయింది. ఆదెమ్మ ఆ ఏడు కౌలు కట్టి, మరుసటేడు కూడా అదే చేను పట్టింది.

నేను తర్వాత మరో మూడు యూనిట్లలో పనిచేసి రిటైరయ్యాను. చార్జి తీసుకోవడమంటే ముందున్న మేనేజరు చూపించిన వస్తువులన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టడం. సిద్ధులరేవులో నేను వస్తువు పనిచేస్తోందా లేదా అని మాత్రమే చూసి పెట్టాను. ఆ తర్వాత ప్రతిచోటా సంతకానికి ముందు ఒకసారి ఒడ్డంట నడిచి, ఇది తాడు తెంపుకుంటే ఎవరి చేలో పడుతుందో చూసి వచ్చేవాణ్ణి. ఎందుకంటే, పడ్డరోజున మెడ మీద చెయ్యి వెయ్యడానికి సంస్థ రాదు.